అమ్మ వద్దంటోంది, మావారు పెద్దది కొనమంటున్నారు: నా మొదటి కయాక్ ఏది?

అమెరికాలోని షార్లెట్‌లో ఉంటున్న ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. సొంతూరు రాజమండ్రి. వయసు 36, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 57 కిలోలు. చిన్నప్పుడు తాతగారు కోటిలింగాల రేవులో ఈత నేర్పారట. పోయిన సెప్టెంబరులో రెండు రోజుల వైట్‌వాటర్ కయాకింగ్ క్లాసుకు, అంటే వేగంగా నురగలతో పారే నదిలో కయాక్ అనే సన్నటి చిన్న పడవను తెడ్డుతో నడపడం నేర్పే క్లాసుకు వెళ్ళారు. మొదటి రోజు నాలుగుసార్లు తిరగబడ్డారు. మూడోసారి తలకిందులుగా ఉన్నప్పుడు స్ప్రే స్కర్టును, అంటే బోటులోకి నీళ్ళు రాకుండా నడుము చుట్టూ బిగించే కప్పును, ఊడదీసే పట్టీ చేతికి దొరకలేదు. దొరికేలోపు ముక్కులోకి నీళ్ళు పోయి బెంబేలెత్తిపోయారు. ఇప్పటికీ ఆ క్షణం కలలోకి వస్తోందట. కానీ రెండో రోజు ఎవరి సాయమూ లేకుండా ప్రవాహంలోంచి ఒక బండరాయి వెనక్కి బోటును తిప్పి ఆపగలిగారు. "ఆ రాయి వెనక ఆగినప్పుడు పదేళ్ళలో మొదటిసారి నా బుర్రలో ఏ ఆలోచనా లేదు" అని రాశారు.

ఇప్పుడు ఆఫీసులోని కయాకింగ్ బృందం మే నెలలో నార్త్ కరోలైనా కొండల్లోని నంటహాలా నదికి వెళుతోంది, ఈవిడనూ రమ్మంటోంది. బడ్జెట్ 1,200 డాలర్లు. ముందు మూడు బోట్లున్నాయి. పెద్ద స్పోర్ట్స్ షాపులో వాళ్ళాయన చూసిన పది అడుగుల పొడవున్న వెడల్పాటి కయాక్, కొత్తదే, 350 డాలర్లు. సహోద్యోగి గరాజ్‌లో ఉన్న ఆరడుగుల ప్లేబోటు, 300. ఆన్‌లైన్‌లో ఒకాయన అమ్మకానికి పెట్టిన పాత డాగర్ మాంబా 8.6, 700 డాలర్లు. "మొదటిసారి కదా, పెద్ద సైజే క్షేమం" అన్నాడట ఆయన. వాళ్ళాయన మాటా అదే: కొంటే పెద్దది కొను, లేదంటే మానెయ్. రాజమండ్రిలో ఉన్న అమ్మగారు అసలు పడవ మాటే ఎత్తవద్దంటున్నారు. 2019లో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం ఆవిడ మనసులోంచి పోలేదు. ఈ మూడింట్లో ఏది కొనాలి, పెద్ద బోటు నిజంగా క్షేమమేనా, రోల్ (తిరగబడిన బోటును అందులోనే కూర్చుని మళ్ళీ నిటారుగా తిప్పుకోవడం) రాకుండా నంటహాలాలో దిగవచ్చా అని పాఠకురాలు అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈ మూడు బోట్లూ మీ ముందుకు ఎలా వచ్చాయో ఒకసారి చూడండి. పది అడుగులది మీవారి భయంలోంచి వచ్చింది. ఆరడుగులది మీ సహోద్యోగి గరాజ్‌లో ఖాళీగా పడి ఉంది కాబట్టి వచ్చింది. మాంబా 8.6 ఆ అమ్మేవాయన ఒంటికి సరిపోయిన బోటు. మీ బరువు, మీ నడుము కొలత, ఈ వేసవిలో మీరు దిగబోయే నది, ఈ మూడింటితో మొదలుపెట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. మనం అక్కడ మొదలుపెడదాం.

ముందు మీవారు చూసినది. వెడల్పుగా ఉంటే ఒరగదు అన్న ఆయన మాట చెరువులో అక్షరాలా నిజం. లేక్ నార్మన్‌లో ఆదివారం సాయంత్రం తిరగడానికైతే నేనే కొనుక్కోమనేదాన్ని. ప్రవాహంలో లెక్క మారిపోతుంది. రాయి వెనక నీళ్ళు నెమ్మదిగా పైకి తిరిగే చోటును కయాకర్లు ఎడ్డీ అంటారు కదా, మీరు ఆ రోజు ఆగింది అందులోనే. అక్కడి నుంచి మళ్ళీ ప్రవాహంలోకి ముక్కు పెట్టినప్పుడు నీళ్ళు పక్క నుంచి బోటు మీదకు ఎక్కాలని చూస్తాయి. ఆ వైపు అంచును మోకాలితో, తుంటితో పైకి లేపి ఉంచితేనే నిలబడతారు. షాపులోని ఆ కయాక్‌లో తొడలు ఆనించుకునే చోటు ఉండదు, నడుము కదలకుండా పట్టి ఉంచే ప్యాడ్లు ఉండవు. కూర్చునే చోటు స్నానాల తొట్టిలా తెరుచుకుని ఉంటుంది. మీరు అంచు లేపుదామన్నా మీ ఒళ్ళు ఒక పక్కకు జారుతుంది తప్ప బోటు కదలదు. పైగా అది తిన్నగా పోవడానికి చేసిన బోటు, రాయి కనబడ్డాక గబుక్కున తిరగదు. నీళ్ళు నిండిందంటే రెండు వందల కిలోలు దాటుతుంది. ఆ బరువు రాయికి, మీకు మధ్య ఉంటే ఎలా ఉంటుందో మీవారికి నెమ్మదిగా చెప్పండి. మిమ్మల్ని కాపాడాలనే ఆయన ఆ బోటు చూపించారు. నదిలో అది ఆ పని చెయ్యదని తెలిస్తే ఆయనే వద్దంటారు. ఈ మూడింట్లో నేను కచ్చితంగా వద్దు అనేది ఇదొక్కటే.

ఆరడుగుల ప్లేబోటు దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే నా మొదటి బోటు అదే. చవగ్గా వచ్చింది, చిన్నగా ముద్దుగా ఉంది, కారు మీదకు ఒక్కదాన్నే ఎత్తగలిగాను. ప్లేబోటు వెనక భాగం పల్చగా, కత్తిలా ఉంటుంది. కెరటం మీద విన్యాసాలు చేసేవాళ్ళు ఆ కొసను కావాలనే నీళ్ళలోకి దించుతారు. నేను కావాలనుకోలేదు, అదే దిగింది. ఎడ్డీకీ ప్రవాహానికీ మధ్య గీత దాటిన ప్రతిసారీ నీళ్ళు ఆ కొసను కిందకు నొక్కేవి, బోటు ముక్కు ఆకాశంలోకి లేచేది, నేను వెల్లకిలా పడేదాన్ని. ఒక వేసవంతా ఆ బోటుతోనే గడిపాను, ఆగస్టు వచ్చేసరికి నది వైపు వెళ్ళాలంటేనే కడుపులో తిప్పేది. ఈ ఆట నాకు రాదని తేల్చుకుని బోటు అమ్మేద్దామనుకున్నాను. ఒక స్నేహితురాలు నదిలో కిందకు దిగడానికే చేసిన తన రివర్ రన్నర్ బోటు ఇచ్చి, ఒక్కసారి దీంట్లో అదే నదిలో దిగి చూడమంది. పై నుంచి కిందదాకా రెండుసార్లే తిరగబడ్డాను. మారింది బోటే, నాకు అప్పటికే పని వచ్చు. ఆ వేసవి నాకు తిరిగి రాలేదు. మీకు అలా కాకూడదనే ఇంత చెబుతున్నాను.

ప్లేబోటు తొందరగా నేర్పిస్తుందని మీ సహోద్యోగి అనవచ్చు. ఆ మాటలో నిజముంది. నిమిషంలో మూడుసార్లు పడేసే బోటు రోల్ వచ్చినవాళ్ళకు మంచి గురువు. రోల్ రానివాళ్ళు పడిన ప్రతిసారీ బోటు వదిలి ఈదాల్సిందే. తలకిందులైన క్షణం కలలోకి వస్తున్నవాళ్ళకు ఆ బోటు ఇప్పుడొద్దు. రెండేళ్ళ తర్వాత మీరే వెతుక్కుని కొంటారేమో కూడా.

ఇక మాంబా. రకం సరైనదే. నదిలో పై నుంచి కిందకు దిగడానికి చేసిన రివర్ రన్నర్లలో అది పేరున్నది. రెండు కొసలూ పైకి ఒంపు తిరిగి ఉంటాయి, కెరటం వస్తే పైకెక్కి దిగుతుంది, తప్పు చేసినా వెంటనే తిప్పి కొట్టదు. చిక్కంతా సైజులోనే. ఆ అంకెలు కొత్తవాళ్ళను ఎంత తికమక పెడతాయో నాకు తెలుసు. మాంబా 8.6 అంటే దాదాపు ఎనిమిదిన్నర అడుగుల పొడవు. లిక్విడ్‌లాజిక్ వాళ్ళ రీమిక్స్ 59 అంటే 59 గ్యాలన్ల పరిమాణం. ఒకరిది పొడవు, ఇంకొకరిది లోపలి చోటు, రెండూ పక్కపక్కన పెట్టి పోల్చలేం. మాంబాలో 7.6, 8.1, 8.6 అని మూడు సైజులుంటే ఆయన అమ్ముతున్నది అన్నిటికంటే పెద్దది, మీకంటే బాగా బరువున్నవాళ్ళ కోసం చేసినది.

పెద్దదైతే ఎక్కువ తేలుతుంది కదా, మరి తప్పేమిటి? తేలుతుంది, నిజమే. కానీ 57 కిలోల మనిషి కింద అది చెక్కపెట్టెలా తేలుతుంది. నీటి మీద అంత ఎత్తున ఉన్న బోటును గాలీ, ప్రవాహం ఎటు నెడితే అటు పోతుంది. అంచు లేపాలంటే మీ శరీరం మొత్తం ఒరగాలి. నడుముకు రెండు పక్కలా ఖాళీ ఉంటుంది కాబట్టి మీరు అనుకున్నది బోటుకు సగమే చేరుతుంది. రోల్ నేర్చుకునేటప్పుడు ఇది మరీ బాధిస్తుంది. తుంటి విసురుతో బోటు తిరగాలి, బోటు తిరక్కుండా మీరే సీట్లో జారిపోతారు. చిన్నపాటి ఆడవాళ్ళు చాలామంది "నాకు బలం చాలదు, అందుకే రోల్ రావట్లేదు" అనుకుంటూ ఏళ్ళు గడిపేయడం నేను చూశాను. వాళ్ళ భర్తలకో అన్నలకో సరిపోయే బోట్లలో కూర్చుని ఉంటారు పాపం. సైజు మార్చిన వారంలో వచ్చేస్తుంది.

అందుకని వెతకవలసింది ఇదే తరహాలో చిన్న సైజు. మాంబా 7.6, రీమిక్స్ 59, పిరాన్హా బర్న్‌లో స్మాల్, జాక్సన్ జెన్‌లో స్మాల్, ఇలాంటివి పాతవి దొరుకుతాయి. సగం పల్చటి తోక ఉన్న హాఫ్ స్లైస్ బోట్లు ఇప్పుడు అందరూ కొంటున్నారు, మీ బృందంలోనూ ఉండే ఉంటాయి. వాటి జోలికి ఈ ఏడాది పోవద్దు. చెరువుకూ నదికీ రెండిటికీ పనికొచ్చే క్రాసోవర్లు, డాగర్ కటానా లాంటివి, ఇంకో దారి. వెనక చిన్న రెక్క దించుకుంటే నిశ్చలమైన నీళ్ళలో తిన్నగా పోతాయి. వారాంతాల్లో సగం మీవారితో కలిసి చెరువు మీదే గడుపుతారనుకుంటే ఆలోచించండి. కానీ పొడవు ఎక్కువ, బరువు ఎక్కువ, మీ ఒంటికి వాటిలో చిన్న సైజు కూడా పెద్దదే. ర్యాపిడ్ (నీళ్ళు రాళ్ళ మధ్య ఉధృతంగా పారే చోటు) మధ్యలో తిప్పడం మీకు కష్టమవుతుంది.

ఏదైనా సరే, కూర్చోకుండా డబ్బివ్వకండి. ఒక పావుగంట పూర్తిగా కూర్చోండి. అయిదు నిమిషాలకు తెలియని నొప్పి పదో నిమిషంలో తెలుస్తుంది. నడుముకు రెండు పక్కలా ప్యాడ్లు ఆనాలి, నొక్కకూడదు. పాదాలు ముందున్న అడ్డానికి ఆనాలి, మోకాళ్ళు పైకి, పక్కలకి తెరుచుకుని తొడ ఆనించే చోటుకు తగలాలి. అప్పుడు నేల మీదే ఒక మోకాలు పైకి లాగండి. బోటు మీతోపాటే వెంటనే ఒరిగిందా, లేక ముందు మీరు కదిలి తర్వాత అది కదిలిందా? మీతోపాటే ఒరిగితే అది మీ బోటు. కాస్త వదులుగా ఉంటే ఫోమ్ ముక్కలు కోసి అతికించుకోవచ్చు, అందరం చేసే పనే. బిగుతుగా ఉన్నదాన్ని మాత్రం పెద్దది చెయ్యలేం. తర్వాత దాన్ని భుజం మీదకు ఎత్తి పార్కింగ్ లాట్‌లో నాలుగడుగులు వెయ్యండి. ఈ బోట్లు నలభై పౌండ్లు అటూ ఇటూ ఉంటాయి, నది ఒడ్డున ఎవరూ లేని రోజులూ ఉంటాయి.

పాతది కొనేటప్పుడు బోర్లించి చూడండి. గీతలు ఎన్నున్నా పరవాలేదు, రాళ్ళ మీద తిరిగిన ప్లాస్టిక్‌కు గీతలు పడకుండా ఉండవు. సీటు కింద బాగా పల్చబడిందా, నీళ్ళు వదిలే బిరడా చుట్టూ గానీ పట్టుకునే హుక్కుల దగ్గర గానీ పగులు ఉందా అన్నది వేలితో తడిమి చూడాలి. రంగు వెలిసి సున్నంలా అయిందంటే ఏళ్ళ తరబడి ఎండలో పడి ఉందన్నమాట. అలాంటి ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది. బోటు వెనక కొస దగ్గర చెక్కిన పన్నెండు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. అందులో చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. అమ్మేవాళ్ళు చెప్పిన వయసుతో అది కలుస్తుందో లేదో చూసుకోండి.

డబ్బు సంగతి. 1,200 డాలర్లూ బోటుకే అనుకుంటే ఇబ్బందిలో పడతారు. హెల్మెట్, లైఫ్ జాకెట్, స్కర్టు, తెడ్డు కలిపి అయిదారు వందలు అవుతాయి, అదీ జాగ్రత్తగా వెతికితే. చల్లటి నీళ్ళకు వెట్‌సూట్ వేరే. హెల్మెట్, లైఫ్ జాకెట్ కొత్తవే కొనండి. తెడ్డు పాతదైనా నష్టం లేదు, మీ ఎత్తుకు 190 సెంటీమీటర్ల దగ్గర చూడండి. స్కర్టు బోటు కొన్నాకే కొనాలి, ఎందుకంటే ఒక్కో బోటు కాక్‌పిట్ (కూర్చునే చోటు) అంచు కొలత ఒక్కోలా ఉంటుంది. అంటే బోటుకు మీ దగ్గర మిగిలేది ఆరు వందలు. ఆ ధరకు చిన్న సైజు మంచిది దొరుకుతుంది, కానీ ఈ నెలలోనే దొరకాలని లేదు.

అందుకే ఇంకో దారి కూడా మీ ముందు పెడతాను: ఈ వేసవికి కొనకుండా ఉండటం. బోటు అద్దెకు తీసుకుని రెండు మూడు రకాల్లో దిగండి, మిగిలిన డబ్బుతో ఇంకో క్లాసు తీసుకోండి. సెప్టెంబరులో నంటహాలా అవుట్‌డోర్ సెంటర్ దగ్గర గెస్ట్ అప్రీసియేషన్ ఫెస్టివల్‌లో పాత బోట్లు, సామాన్లు గుట్టలుగా అమ్ముతారు. అప్పటికి మీకేం కావాలో మీ ఒళ్ళే చెబుతుంది. ఇందులో నష్టం లేకపోలేదు. అద్దె బోటు ప్రతిసారీ వేరేది వస్తుంది, చిన్న సైజు ఉండకపోవచ్చు, ఒకే బోటుతో కుదిరే చనువు కుదరదు. వారం వారం నదికి వెళ్ళగలిగేవాళ్ళకు సొంత బోటు ముందే ఉండటం మేలు. నెలకోసారి వెళ్ళేవాళ్ళకు ఆగడం మేలు. మీరు ఎన్నిసార్లు వెళ్ళగలరో మీకే తెలుసు.

ఇప్పుడు ఆ మూడోసారి తిరగబడిన సంగతి. మీరు దాన్ని రెండు వాక్యాల్లో దాటేశారు గానీ, పెద్ద బోటు వైపు మిమ్మల్ని లాగుతున్నది అదేనని నాకనిపిస్తోంది. వదులుగా ఉంటే తొందరగా బయటపడొచ్చు అనిపిస్తుంది. నిజానికి బిగువుగా సరిపోయే బోటులోంచి కూడా స్కర్టు ఊడగానే, మోకాళ్ళు దగ్గరికి తెచ్చి తోసుకుంటే జారి బయటకు వచ్చేస్తారు. ఆ రోజు మిమ్మల్ని ఆపింది బోటు కాదు, చెయ్యి పట్టీ కోసం గాలించడం. దానికి మందు సాధన. చలికాలంలో, వసంతంలో కయాకింగ్ క్లబ్బులు ఈతకొలనుల్లో రోల్ నేర్పుతుంటాయి, మీ దగ్గరలో ఎక్కడ జరుగుతోందో మీ బృందాన్ని అడగండి. వెచ్చటి నీళ్ళు, ముక్కుకు క్లిప్పు, పక్కన నడుముల్లోతు నీళ్ళలో నిలబడిన మనిషి. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ కాక్‌పిట్ అంచు మీద ముందుకు జరుపుకుంటూ పోతే పట్టీ తగులుతుంది. పది సార్లు చెయ్యండి. ఆ తర్వాత తిరగబడి, వెంటనే లాగకుండా, లోపలే అయిదంకెలు లెక్కపెట్టండి. ఆ అయిదు అంకెలూ ప్రశాంతంగా లెక్కపెట్టగలిగిన రోజు రోల్ నేర్చుకోవడం మొదలుపెట్టవచ్చు.

రోల్ రాకుండా నంటహాలాలో దిగవచ్చా? దిగుతారు, చాలామంది నేర్చుకునేదే అక్కడ. కానీ ఆ నది ఎలాంటిదో తెలుసుకుని నిర్ణయించుకోండి. ఆనకట్ట వెనక చెరువు అడుగు నుంచి వదిలే నీళ్ళవి, మే నెలలో బయట ఎండగా ఉన్నా నీళ్ళు పది డిగ్రీల దగ్గరే ఉంటాయి. పడితే ఊపిరి బిగుసుకుంటుంది. బోటెక్కిన కాసేపటికే ప్యాటన్స్ రన్ అనే ర్యాపిడ్ వస్తుంది, ఒళ్ళు వేడెక్కే వ్యవధి ఉండదు. ఎనిమిది మైళ్ళ చివర క్లాస్ 3 జలపాతం (క్లాస్ అంకె పెరిగేకొద్దీ నీళ్ళు కష్టం). మీకు మూడు దారులు కనిపిస్తున్నాయి. వెట్‌సూట్ వేసుకుని, పడితే బోటునూ మిమ్మల్నీ ఒడ్డుకు చేర్చే ఇద్దరు అనుభవజ్ఞులు కచ్చితంగా పక్కన ఉంటామంటే దిగి, చివరి జలపాతం దగ్గర ఒడ్డు మీద నడిచిపోవడం ఒకటి. వాళ్ళతోనే వెళ్ళి, అక్కడ అద్దెకిచ్చే గాలి కయాక్‌లో, డకీ అంటారు, దిగడం ఇంకొకటి. అందులో కాళ్ళు ఎక్కడా ఇరుక్కోవు, నది దారి అంతా చదువుకుంటారు, కానీ అంచుల పని రాదు. లేదా మే నెల ప్రయాణం వదిలేసి, ముందు టకసీజీ లాంటి కాస్త వెచ్చటి, క్లాస్ 2 నదిలో రెండు మూడు వారాలు గడిపి జూలైలో నంటహాలాకు వెళ్ళడం. మీ భయం సంగతి చదివాక నా మనసు మూడోదాని వైపే ఉంది. బృందంలో వెనకబడ్డానన్న బాధ ఉంటుంది, అది రెండు నెలల్లో పోతుంది. ఏ నదికైనా ఈ మధ్య ఎవరు దిగారో అడిగి వెళ్ళండి. 2024లో హెలీన్ తుఫాను తర్వాత ఆ ప్రాంతంలో కొన్ని నదుల దారులే మారాయి, చెట్లు పడ్డాయి. ప్రవాహానికి అడ్డం పడిన చెట్టు జల్లెడ లాంటిది, నీళ్ళను పోనిస్తుంది, మనిషిని పట్టేస్తుంది.

కోటిలింగాల రేవులో ఈత నేర్చుకున్నవారు కాబట్టి మీకు ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. రేవులో కాళ్ళకు నేల తగిలిందంటే గట్టెక్కినట్టే. కొండ నదిలో దాన్ని మరిచిపోవాలి. మోకాలి లోతు దాటిన వేగమైన నీళ్ళలో నిలబడబోతే పాదం రాళ్ళ మధ్య ఇరుక్కుంటుంది, వెనక నుంచి ప్రవాహం మనిషిని ముందుకు పడదోసి తల ముంచేస్తుంది. నంటహాలా లోతు తక్కువ కాబట్టి నిలబడాలనే బుద్ధి పుడుతుంది. వెల్లకిలా తేలుతూ, పాదాలు ప్రవాహం పోయే వైపుకు పెట్టి పైకెత్తి ఉంచి, ఎడ్డీ దాకా ఈదండి. నేల చేతికి తగిలాకే లేవండి.

అమ్మగారితో వాదించకండి. కచ్చులూరు చూసిన గోదావరి జిల్లా తల్లి ఆ మాట అనకుండా ఎలా ఉంటుంది? అక్కడ పడవలో కూర్చున్నవాళ్ళ చేతిలో ఏమీ లేదు. మీ చేతిలో ఏముందో ఆవిడకు చూపించండి. లైఫ్ జాకెట్ ఎప్పుడూ ఒంటి మీదే ఉంటుందని, తిరగబడటమనేది ముందే నేర్చుకునే పాఠమని, ఒంటరిగా ఎప్పుడూ దిగనని చెప్పండి. కొలనులో సాధన చేస్తున్నప్పుడు వీడియో కాల్ చెయ్యండి. ఆవిడ వెంటనే ఒప్పుకోకపోవచ్చు, అయినా మీరు ఏం చేస్తున్నారో ఆవిడకు తెలిసి ఉంటుంది.

మీవారికీ ఒక పని ఇవ్వండి. స్కర్టు బిగించేటప్పుడు ముందున్న లాగే పట్టీ లోపలికి మడతపడిపోవడం అనుభవం ఉన్నవాళ్ళకు కూడా జరుగుతుంది. మూడోసారి మీ చేతికి అది దొరకకపోవడానికి కారణం అదేనేమో. బోటు నీళ్ళలోకి జరిగే ముందు ఒడ్డున వంగి, ఆ పట్టీ బయటే ఉందో లేదో చూసి, ఒకసారి పట్టుకుని లాగి మీకు చెప్పమనండి. ఆయన ఊఁ అన్నాకే తెడ్డు వెయ్యండి.